ఆడుపడుచు చెక్కించిన వంశావళి

ఓరుగల్లు కోటను జూడవచ్చినవారు కాకతీయు లేవంశమువారని నన్నడుగుచుందురు. సూర్యవంశజులని చెప్పిన సంతోషింతురు. 1244వ సంవత్సరపు మోటుపల్లి శాసనమును శ్రీరాముని వారి పూర్వులలోఁ జేర్చినది. రాజ్యము పెరిగిన పిదప వంశము సూర్యునిదాఁకఁ బెరుగుట వింతగాదు. అదే గణపతిదేవుని సేనాని మల్యాల గుండని శాసనములు వారిని నాలవ వర్ణమువారనుచున్నవి!

పూర్వుల పేర్లు వరుసగా దొరకినది బయ్యారము చెఱువు శాసనమున. ఆ చెఱువును ద్రవ్వించినది గణపతిదేవుని సోదరి మైలాంబ. దుర్జయకులమున వెన్నఁడు కాకతిపురమున నుండుటచే వంశమున కాపేరు వచ్చెనట. పిమ్మట గుండనామము గలవారు మువ్వురు, ఎఱ్ఱఁడు, పిండిగుండఁడు, బేతఁడు, ప్రోలఁడు, ఇట్లు గణపతిదేవునిదాఁక.

పుట్టినింటి మీఁది మక్కువతోఁ గల్పించినదా? 956వ సంవత్సర ప్రాంతమున వేంగీచాళుక్యుఁడు దానార్ణవుఁ డిచ్చిన మాగల్లు శాసనమునఁ గాకర్త్య గుండ్యనకుఁ బూర్వులుగా గుండియ, ఎఱియ, బేతియ లున్నారు. రెండున్నర శతాబ్దుల యెడముగల యీ రెంటను గుండ, ఎఱ్ఱ నామములు కలియుచున్నవి. బేతియ మాత్రము చెఱువు శాసనమున లేఁడు. తాతలను లెక్కించునపు డొకరిని మఱచుట మన యిండ్లలోను గలదు.

మాగల్లు శాసనము బేతియ భార్య వంద్యనాంబనుగూడఁ బేర్కొన్నది. మా యింటి వంశవృక్షమున నేడుతరముల పురుషులున్నారు. వారి తల్లుల పేరొక్కటియు లేదు. మొన్న మా మేనత్త నడిగి మూఁడు పేర్లు వ్రాసికొంటిని. నాలవది యామెకును జ్ఞప్తికి రాలేదు.