టెలిస్ట్రోక్ వైద్యం, అనంతపురం మెట్టసీమ
పక్షవాతం వచ్చిన రోగిని దూరాన ఉన్న నరాల వైద్యుడు వీడియోలో పరీక్షించి, సీటీ స్కాన్ చూసి, రోగి దగ్గరున్న డాక్టరుకు చికిత్స చెప్పే పద్ధతి ఇది. మూతి వంకరపోవడం, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడడం పక్షవాతానికి ముఖ్య లక్షణాలు. మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. అదీ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే. మడకశిర, కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల నుంచి బెంగళూరుకో కర్నూలుకో బయలుదేరితే ఆ గడువు దారిలోనే తీరిపోవచ్చు. నాటుమందు కోసం తిరిగితే చెయ్యీ కాలూ దక్కే అవకాశమే చేజారుతుంది. స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రిలోనే సూది పడేలా చూడడం ఈ పద్ధతికి ప్రాణం. రాయలసీమకు దూరవైద్యం కొత్త కాదు: చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో కేంద్రం 2000లోనే మొదలైంది. 2019లో వచ్చిన ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని మామూలు ఓపీ సలహాలకు బాగా అక్కరకొస్తుంది. పక్షవాతానికి మాత్రం అర్ధరాత్రి పిలిచినా పలికే నిపుణుడు కావాలి.