మారుమనస్సు (క్రైస్తవ మతము)

మారుమనస్సు అనగా మనుష్యుడు తన పాపమును గుర్తించి, దానిని విడిచిపెట్టి, దేవుని వైపునకు మరలుట. క్రైస్తవ మతములో రక్షణను గురించిన బోధయందు విశ్వాసముతో సమానమైన స్థానము దీనికి ఉన్నది. మార్కు సువార్త ప్రకారము యేసు బహిరంగ బోధ ఈ పిలుపుతోనే మొదలైనది (మార్కు 1:15). లూకా సువార్త చివర శిష్యులకు అప్పగింపబడిన పనిలో కూడా పాపక్షమాపణతో పాటు ఇదే చెప్పబడినది (లూకా 24:47). మారుమనస్సు రక్షణకు షరతా, లేక రక్షణ వలన కలుగు ఫలమా అను ప్రశ్నపై క్రైస్తవ శాఖల మధ్య భేదాభిప్రాయములు ఉన్నవి. సువార్త బోధకునికి దీనితో ముడిపడిన మరొక చిక్కు ఉన్నది. అతడు అడుగవలసినది హృదయములోని మార్పు. అతని కంటికి కనిపించునది నడవడి మాత్రమే.

పదము, అర్థము

క్రొత్త నిబంధన మూలములోని గ్రీకు పదము "మెటనోయియా". మనస్సు మారుట, ఆలోచనా విధానమే మారుట అని దీని అర్థము. పాత నిబంధనలోని హీబ్రూ ప్రవక్తలు ఎక్కువగా వాడినది "షూబ్" అను ధాతువు. దారి తప్పినవాడు వెనుకకు తిరుగుట అని దాని భావము. తెలుగు బైబిలు అనువాదకులు ఎన్నుకొన్న "మారుమనస్సు" గ్రీకు పదమునకు మిక్కిలి సన్నిహితమైనది. మారుపేరు, మారువేషము మొదలగు మాటలలో "మారు" అనగా "మరొక" అని అర్థము కనుక, ఈ పదములో "మారిన మనస్సు", "మరొక మనస్సు" అను రెండు భావములును స్ఫురించును. వేషము పైపైన మారునది గనుక ఆ పోలికను అంతకు మించి సాగదీయరాదు.

పశ్చాత్తాపము అను మాట వేరు. చేసిన పనికి తరువాత కలుగు తాపము అని దాని వ్యుత్పత్తి. యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా తన పనికి దుఃఖించి వెండి నాణెములను తిరిగి ఇచ్చివేసిన సందర్భములో (మత్తయి 27:3) గ్రీకు మూలమున "మెటనోయియా" లేదు. చింతించుట అను అర్థముగల వేరొక క్రియ ఉన్నది. తెలుగు బైబిలు కూడా అచ్చట పశ్చాత్తాపము అనియే వాడినది. ఆంగ్లమున బహుళ ప్రచారము పొందిన 1611 నాటి అనువాదము రెండు చోట్లను ఒకే మాట వాడినందున అచ్చటి పాఠకులకు ఈ తేడా కనిపించదు. యూదా, పేతురు ఇద్దరును ఒకే రాత్రి తప్పు చేసినవారే, ఇద్దరును దుఃఖించినవారే. ఒకడు నిరాశలో ప్రాణము తీసుకొనెను, ఒకడు తిరిగివచ్చెను. పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన రెండవ పత్రికలో దుఃఖమును రెండు విధములుగా విభజించి, ఒకటి రక్షణకు నడిపించు మారుమనస్సును, మరియొకటి మరణమును కలిగించునని చెప్పినది ఈ భేదమునే (7:10).

తెలుగు కతోలికులు పశ్చాత్తాపము, హృదయ పరివర్తన అను పదములను ఎక్కువగా వాడుదురు.

బైబిలులో మారుమనస్సు

బాప్తిస్మమిచ్చు యోహాను వద్దకు వచ్చినవారు తాము ఏమి చేయవలెనని అడుగగా అతడు చెప్పిన సమాధానములు గమనింపదగినవి (లూకా 3:10-14). రెండు అంగీలు ఉన్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వవలెను. సుంకరులు నిర్ణయించిన దానికంటె ఎక్కువ వసూలు చేయరాదు. సైనికులు ఎవరిని బెదిరించి డబ్బు గుంజరాదు, జీతముతో తృప్తిపడవలెను. ఉపవాసములు, కన్నీరు మొదలగు వాటి ప్రస్తావన ఇచ్చట లేదు. ఒక్కొక్కరి మారుమనస్సు వారి వారి వృత్తిలో, ముఖ్యముగా వారి చేతిలోని అధికారమును వాడు పద్ధతిలో కనిపించవలెనని యోహాను భావము. తరువాతి కాలపు సుంకరియగు జక్కయ్య తన ఆస్తిలో సగము బీదలకు ఇచ్చెదననియు, అన్యాయముగా తీసుకొన్నదానికి నాలుగంతలు చెల్లించెదననియు చెప్పుట (లూకా 19) దీనికి చక్కని ఉదాహరణ. అయితే యేసు అతని ఇంటికి వచ్చెదనని ముందుగానే పలికెను. జక్కయ్య మాట ఆ తరువాతిది. షరతా ఫలమా అను వాదమునకు బీజము ఇట్టి వరుసలోనే ఉన్నది.

పెంతెకొస్తు దినమున పేతురు ప్రసంగము విన్నవారిని అతడు మారుమనస్సు పొంది బాప్తిస్మము తీసుకొనుడని కోరెను (అపొస్తలుల కార్యములు 2:38). అదే గ్రంథములో మారుమనస్సు దేవుడు అనుగ్రహించు వరముగా కూడా చెప్పబడినది (11:18). విచిత్రమేమనగా యోహాను సువార్తలో ఈ పదము ఒక్కసారియైనను రాదు. ఆ గ్రంథమంతయు నమ్ముట అను క్రియ మీదనే నడుచును.

సిద్ధాంత వివాదములు

లాటిను బైబిలులో మారుమనస్సు పొందుడి అను పిలుపునకు వాడిన మాటకు "ప్రాయశ్చిత్తము చేయుడి" అను అర్థము కూడా వచ్చును. మధ్యయుగములో ఈ అర్థమే బలపడినది. 1215లో నాల్గవ లాటరన్ మహాసభ వివేకము వచ్చిన ప్రతి విశ్వాసియు సంవత్సరమునకు ఒకసారియైనను గురువు వద్ద పాపసంకీర్తనము చేయవలెనని శాసించెను. ఎరాస్మస్ 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను ముద్రించిన తరువాత మూలపదముపై పండితుల దృష్టి పడినది. 1517లో మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 సిద్ధాంతములలో మొదటిదే దీనిని గురించి. విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా ఉండవలెనని దాని సారాంశము. దీనికి ఎదురుగా ట్రెంట్ మహాసభ 1551లో పశ్చాత్తాపము, పాపసంకీర్తనము, పరిహారము అను మూడింటిని ఆ సంస్కారమునకు అంగములుగా స్థిరపరచెను.

ప్రొటెస్టంటులలో కూడా ఏకాభిప్రాయము లేదు. మారుమనస్సు విశ్వాసము నుండి పుట్టునని జాన్ కాల్విన్ వాదించెను. 17వ శతాబ్దపు వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణము మారుమనస్సు పాపమునకు పరిహారము కాదనుచునే, అది లేక ఎవడును క్షమాపణను ఆశింపరాదని చెప్పుచున్నది. రెండు వైపుల ప్రమాదమును తప్పించుటకు చేసిన ప్రయత్నమిది: మారుమనస్సును ధరగా చెప్పినచో కృప వ్యాపారమగును, దానిని తీసివేసినచో కృప చవుకయగును. జర్మను వేదాంతి బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథములో ఖండించినది ఈ రెండవ దానినే. అమెరికాలో జాన్ మెకార్థర్ 1988లో వ్రాసిన పుస్తకముతో ఈ వాదము మరల రేగినది. క్రీస్తును ప్రభువుగా అంగీకరించి లోబడనిదే రక్షణ లేదని ఆయన పక్షము. అట్లనినచో విశ్వాసముతో క్రియలను కలిపినట్లగునని 1989లో చార్లెస్ రైరీ, జేన్ హాడ్జెస్ వేర్వేరు గ్రంథములలో జవాబిచ్చిరి. యోహాను సువార్తలో ఈ పదము లేకపోవుట వీరి పక్షమునకు ఒక ఆధారమైనది.

సువార్త ప్రకటనలో

1830-31లో అమెరికాలోని రోచెస్టర్ నగర సభలలో ఛార్లెస్ ఫిన్నీ, పాపమును గూర్చి కలత చెందినవారిని ముందు వరుసలోని ప్రత్యేకమైన బల్లపైకి పిలుచు పద్ధతిని వాడెను. నేటి ఉజ్జీవ సభలలో చేతులెత్తించుట, ముందుకు రమ్మని పిలుచుట మొదలగునవి ఆ సంప్రదాయమునకు చెందినవే. సభలో లేచి నిలుచుటను మారుమనస్సుగా పొరబడు అపాయము ఉన్నదని 1843లో జాన్ నెవిన్ ఆ బల్ల పేరుతోనే ఒక విమర్శ గ్రంథము వ్రాసెను. మానసిక ఉద్వేగము నిజమైన మార్పునకు రుజువు కాదని అంతకు వంద సంవత్సరముల నాడే జోనాతన్ ఎడ్వర్డ్స్ హెచ్చరించియుండెను. తన ప్రసంగములకే శ్రోతలు కేకలు వేసి ఏడ్చిన అనుభవము గలవాడు కనుక ఆయన మాటకు విలువ ఎక్కువ.

ఒంగోలు ఉదాహరణము

ఈ చిక్కు తెలుగు నేలపై మిక్కిలి తీవ్రముగా ఎదురైన సందర్భము 1876-78 నాటి కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో 1866 నుండి పనిచేయుచుండెను. కరువు పనిగా బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకమును ఆయన గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి కల్పించెను. బోధకులు కూలీల నడుమనే ఉండి వారికి సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. కూలి కొరకు, తిండి కొరకు మతము మారుచున్నారను అనుమానము రాకుండుటకు క్లౌ ఒక సంవత్సరమునకు పైగా ఎవరికిని బాప్తిస్మము ఇవ్వలేదు. సహాయము పంచుట ముగిసిన తరువాతనే 1878 జూలై 2, 3, 4 తేదీలలో గుండ్లకమ్మ నది వద్ద వెల్లంపల్లిలో బాప్తిస్మములు జరిగినవి. రెండవ దినమున 2,222 మంది, మూడు దినములలో కలిపి 3,536 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు భారతీయ బోధకులే.

క్రొత్తగా చేరువారికి క్లౌ పెట్టిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు సులభముగా ఉన్నను ఆనాటి పల్లెలో ఇవి ప్రాణముల మీదికి వచ్చు నియమములు. చేరినవారిలో అత్యధికులు మాదిగలు. చచ్చిన పశువులను తొలగించుట, జాతరలలో డప్పు కొట్టుట, పిలిచిన రోజున పనికి పోవుట వారిపై మోపబడిన కట్టుబాట్లు. వాటిని మానినవారు రెడ్ల, కరణముల ఆగ్రహమునకు గురియైరి. పని పోయినది, దెబ్బలు తగిలినవి. ఈ మూల్యము చెల్లించుటయే వారి మారుమనస్సునకు రుజువని మిషనరీలు తలచిరి. తిండి కొరకు చేరిరను ఆక్షేపణకు ఇది బలమైన సమాధానమే.

మరొక వైపు కూడా చూడవలెను. చచ్చిన గొడ్డును తినుట ఆ ప్రజలు కోరి ఎన్నుకొన్న పాపము కాదు. వారిని ఆ స్థితిలో ఉంచినది గ్రామ వ్యవస్థ. బాప్తిస్మమిచ్చు యోహాను కొలత ప్రకారము చూచినచో, ముందుగా మారుమనస్సు పొందవలసినవారు కూలి ఎగవేసినవారు, అధికారమును చేతబట్టి కొట్టినవారు. అయితే క్లౌ నియమములు ఆ చేరినవారికి వేరొక విధముగా కూడా ఉపకరించినవి. "మేము చేయము" అని ఊరి పెద్దల ఎదుట పలుకుటకు వారికి ఒక కారణము దొరికినది.

సంఘముల మారుమనస్సు

20వ శతాబ్దములో ఈ పిలుపు సంఘముల వైపునకే తిరిగినది. 1974లో స్విట్జర్లాండులోని లోసాన్‌లో సమావేశమైన సువార్తికుల మహాసభ తన నిబంధన పత్రములో సామాజిక బాధ్యతను నిర్లక్ష్యము చేసినందుకు పశ్చాత్తాపము ప్రకటించినది. 2000 మార్చి 12న పోపు రెండవ జాన్ పాల్, సంఘ సభ్యులు గత శతాబ్దములలో చేసిన అపరాధములకు రోములోని పేతురు దేవాలయములో దేవుని క్షమాపణ వేడెను. యూదుల పట్ల, ఇతర మతముల, సంస్కృతుల ప్రజల పట్ల జరిగినవి అందులో చేరినవి.