జావాస్క్రిప్టు అనువర్తనాలలో స్థితి పంపకం

జావాస్క్రిప్టు అనువర్తనాలలో స్థితి పంపకం అనగా వెబ్ పేజీలోని వేర్వేరు భాగాలు ఒకే సమాచారాన్ని ఆధారంగా చేసుకొని పనిచేసేటట్లు చూసే పద్ధతి. పేజీలోని ఒక్కొక్క భాగాన్ని కాంపోనెంటు అనీ, అది ఆ క్షణాన గుర్తుంచుకొన్న విలువలను స్థితి (స్టేట్) అనీ అంటారు.

సమస్య

హనుమాన్ జంక్షన్ నుండి విశాఖపట్నానికి బస్సు టికెట్టు కొనే పేజీని ఉదాహరణగా తీసుకొనవచ్చును. దానిలో సీట్ల పటం, ఎంచుకొన్న సీట్ల జాబితా, చెల్లించవలసిన మొత్తం మూడు వేర్వేరు కాంపోనెంట్లు. ప్రయాణికుడు కిటికీ పక్క సీటును నొక్కగానే మూడూ మారవలెను. ప్రతిదీ తన లెక్క తాను దాచుకొంటే, పటంలో రెండు సీట్లు కనబడుతూ మొత్తం ఒక్క సీటుకే చూపవచ్చును. ఒకే పద్దును ఇద్దరు గుమాస్తాలు రెండు పుస్తకాలలో వ్రాస్తే కలిగే చిక్కు ఇదే.

పెద్ద సంస్థలకూ ఈ చిక్కు తప్పలేదు. ఫేస్‌బుక్‌లో సందేశాలన్నీ చదివిన తరువాత కూడా చదవనివి ఉన్నట్లు సంఖ్య కనబడేది; సరిచేసినా కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేది. 2014లో ఫ్లక్స్ అనే పద్ధతిని పరిచయం చేసినపుడు ఆ సంస్థ ఇంజనీర్లు ఈ దోషాన్నే ఉదాహరణగా చూపారు.

పద్ధతులు

అన్నిటికన్న సులువైనది, స్థితిని ఆ కాంపోనెంట్ల ఉమ్మడి మాతృ కాంపోనెంటులో ఉంచడం. 2013లో బహిరంగంగా విడుదలైన రియాక్ట్‌లో విలువలు మాతృక నుండి ప్రాప్స్ రూపంలో కిందికి వస్తాయి. కింది కాంపోనెంటు వాటిని తాను మార్చదు. మాతృక ఇచ్చిన ఫంక్షనును పిలిచి మార్పు కోరుతుంది. ప్రకాశం బ్యారేజీ నీరు ఏలూరు కాలువకు, పిల్ల కాలువలకు, పొలాలకు దిగడం వంటిదే ఇది. పొలం నుండి పైకి వెళ్ళేది నీరు కాదు, నీరు కావలెనన్న కోరిక.

అంచెలు పెరిగితే మధ్యనున్న కాంపోనెంట్లు తమకు అక్కరలేని విలువలను మోయవలసివస్తుంది. దీనిని ప్రాప్ డ్రిల్లింగ్ అంటారు. 2018 మార్చిలో రియాక్ట్ 16.3తో వచ్చిన కొత్త కాంటెక్స్ట్ ఈ మోతను తప్పిస్తుంది. అయితే దానిలోని విలువ మారినప్పుడల్లా దానిని చదివే కాంపోనెంట్లన్నీ తిరిగి చిత్రించబడతాయి. కనుక అది భాష, రంగుల అమరిక వంటి అరుదుగా మారే వాటికే తగును.

2015లో డాన్ అబ్రమోవ్, ఆండ్రూ క్లార్క్ రూపొందించిన రెడక్స్ ఫ్లక్స్ నుండి, ఎల్మ్ భాష నుండి ప్రేరణ పొందినది. ఇందులో స్థితి అంతా ఒకే స్టోరులో ఉంటుంది. మార్పు కోరే వివరాన్ని యాక్షన్ అనీ, పాత స్థితినీ యాక్షన్‌నూ తీసుకొని కొత్త స్థితిని ఇచ్చే ఫంక్షనును రెడ్యూసర్ అనీ అంటారు. ఏ మార్పు ఎందువలన జరిగినదో వెనుకకు వెళ్ళి చూడవచ్చును. తప్పులు వెదికేవారికి ఇది గొప్ప సౌకర్యం. చిన్న పేజీలకు మాత్రం ఇంత సరంజామా బరువే. రెడక్స్ అన్నిచోట్లా అవసరం లేకపోవచ్చునని 2016లో అబ్రమోవే వ్యాసం వ్రాశాడు. వ్యూ చట్రంలో ఈ పనికి మొదట వ్యూఎక్స్, తరువాత పినియా వచ్చాయి.

పంచుకొనకూడనివి

లెక్కించి రాబట్టగలిగిన దానిని స్థితిగా దాచరాదు. పై ఉదాహరణలో మొత్తాన్ని సీట్ల జాబితా నుండి ఎప్పటికప్పుడు లెక్కిస్తే చాలును. రెండింటికీ తేడా వచ్చే అవకాశమే ఉండదు.

సీటు ఖాళీగా ఉన్నదా లేదా అనేది ఇంకొక రకం సమాచారం. బ్రౌజరులో ఉన్నది సర్వరు ఇచ్చిన నకలు మాత్రమే. అదే బస్సును ఏలూరులో ఎక్కదలచిన మరొకరు ఆలోపే ఆ సీటును కొని ఉండవచ్చును. స్టోరు ఎంత చక్కగా ఉన్నా ఈ తగవును తీర్చలేదు. టాన్‌స్టాక్ క్వెరీ వంటి లైబ్రరీలు ఇటువంటి నకళ్ళను విడిగా ఉంచి, పాతబడినవాటిని సర్వరు నుండి మళ్ళీ తెప్పిస్తాయి. అప్పటికీ, డబ్బు చెల్లించే ముందు సీటును ఖరారు చేయవలసినది సర్వరే.