యంత్రనిద్ర: దాని చరిత్ర



నేడు మన మనుమల చేతులలోని ల్యాప్‌టాపు కంప్యూటరు మూత వేయగానే నిద్రించును. తెఱవగానే విడిచిన పనిని విడిచిన చోటనే చూపును. ఈ చిన్న సౌకర్యము వెనుక, అధికారము చేతులు మారిన చరిత్ర యొకటి కలదు. దానిని సంగ్రహముగా మనవి చేయదలచితిని.

1992వ సంవత్సరమున ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఏ.పీ.ఎం. అను పద్ధతిని ప్రకటించినవి. అందు నిద్రపుచ్చు అధికారము చాలవఱకు బయోస్‌ది. అది యంత్రములోనే పొదిగిన మూలకార్యక్రమము. మీటలు కదలుట మానినంతనే అది కాలమును లెక్కించునే కాని, పైన నేమి పని జరుగుచున్నదో యెఱుగదు. ఆ పని నెఱిగిన ఆపరేటింగ్ సిస్టమునకో, తగిన అధికారము లేదు.

1996 డిసెంబరులో ఆ రెండు సంస్థలును, తోషిబాయు కలిసి ఏ.సీ.పీ.ఐ. అను నిబంధనావళిని వెలువరించినవి. దానితో అధికారము ఆపరేటింగ్ సిస్టమునకు సంక్రమించెను. యంత్రమంతటి నిద్రకు ఎస్1 మొదలు ఎస్4 వఱకును, ఒక్కొక్క పరికరమునకు డీ0 మొదలు డీ3 వఱకును మెట్లు ఏర్పడెను. ఎస్3 నందు మెమరీకి విద్యుత్తు అందుచుండును. తక్కినవి చాలవఱకు ఆగిపోవును. ఎస్4 నందు మెమరీలోని విషయమంతయు డిస్కుపై వ్రాయబడును. పిదప మెమరీకి సైతము విద్యుత్తు నిలిచిపోవును.

అధికారముతోడనే భారమును వచ్చెను. ఆజ్ఞ యొక్కటే; అమలు జరుపువారు పలువురు. ప్రతి పరికరమును నడుపు డ్రైవరు అను కార్యక్రమము, జరుగుచున్న పనిని ఆపి, పరికరపు స్థితిని భద్రపఱచి, అటుపిమ్మట దానిని నిద్రపుచ్చవలెను. మేల్కొన్నపుడు ఆ స్థితిని మరల నెలకొల్పవలెను.

ఇందు వరుస ముఖ్యము. ఇంట బిడ్డలు పరుండిన పిదప తల్లి పరుండును. తెల్లవారగనే తల్లియే ముందు లేచును. అట్లే కీబోర్డు ముందును, అది తగిలియున్న యూఎస్‌బీ నియంత్రకము తరువాతను నిద్రింపవలెను. లేచుట దీనికి విపర్యయము. 2003 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6 పరికరములనన్నిటిని ఇట్టి వంశవృక్షముగా కూర్చెను.

ఒక డ్రైవరు తనకు వీలుకాదని తెలిపినచో, లినక్స్ ఆ ప్రయత్నము విరమించి, అప్పటికే నిద్రించినవానిని లేపును. అది మేలే. నిద్రకు సమ్మతించి, లేచునపుడు స్థితిని మఱచు డ్రైవరే ప్రమాదకారి. తెర చీకటియగును, భద్రపఱుపని వ్రాత నశించును.

2009లో వచ్చిన లినక్స్ 2.6.32, యంత్రము మేల్కొనియుండగనే పనిలేని పరికరమును మాత్రము నిద్రపుచ్చు ఏర్పాటును డ్రైవర్లకు కల్పించెను. నిర్ణయము కేంద్రమునదైనను, దాని సాఫల్యము నేటికిని ఒక్కొక్క డ్రైవరును వ్రాసినవాని శ్రద్ధపైననే నిలిచియున్నది.