టేలర్ అఫ్సోస్

"రాస్తాలో కలిసిన ప్రతివాణ్నీ దోస్త్ అనుకోకు బేటా!" నాదెండ్లలో మా నానీ చేసే నసీహత్ ఇది. మెడోస్ టేలర్‌ను చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

1820ల చివర్లో ఈ అంగ్రేజు కుర్రాడు నిజాం రియాసత్‌లో పోలీసు పని చూసేవాడు. దారుల పక్కన ముసాఫిర్ల లాషులు దొరికేవి. ఖాతిల్ ఎవరో తేలకముందే పల్టన్‌కు తిరిగి రమ్మని హుకుం వచ్చింది. థగ్గుల గుట్టు విప్పిన పేరు స్లీమన్‌కు పోయింది.

ఆ అఫ్సోస్ టేలర్‌ను వదల్లేదు. ఆత్మకథలోనూ రాసుకున్నాడు. 1839లో అచ్చయిన అతని నవలలో, తన గునాహ్‌లను ఇక్బాల్ చేసే థగ్గు పేరు అమీర్ అలీ. ఆ పేరు చూసి మనం తలొంచుకోనక్కర్లేదు, దాచుకోనూ అక్కర్లేదు. ముఠాల్లో హిందువులూ ఉన్నారు, ముసల్మానులూ ఉన్నారు.

టేలర్ అఫ్సోస్‌కు కితాబ్ దక్కింది. ఇల్లు చేరని ఆ ముసాఫిర్లకు పేరైనా మిగల్లేదు.