పెరాక్సిసోమ్ కథ: పసికందుల వ్యాధికి ఈస్ట్‌లో దొరికిన కారణం

శిశువైద్య విభాగంలో పనిచేసిన తొలి రోజులలో నేనొక పసికందును చూశాను. చేతులలోకి తీసుకుంటే తడిగుడ్డవలె వేలాడిపోయేది. పాలు చప్పరించే శక్తి లేదు. కాలేయం పెరిగింది, రోజూ మూర్ఛలు. నాలుగు నెలలు నిండకముందే కన్నుమూసింది. కేసు షీటులో కారణం రాయవలసిన చోట ప్రశ్నార్థకం మిగిలిపోయింది. ఆ వ్యాధి ఏమిటో నేటికీ నిశ్చయంగా చెప్పలేను గాని, జెల్వెగర్ సిండ్రోమ్ గురించి చదివిన ప్రతిసారీ ఆ బిడ్డే కళ్ళముందు మెదులుతుంది.

అమెరికాలోని అయోవాలో పనిచేసిన స్విస్ శిశువైద్యుడు హాన్స్ జెల్వెగర్, ఆయన సహచరులు 1964లో ఈ వ్యాధిని వర్ణించారు. తోబుట్టువులలో మెదడు, కాలేయం, మూత్రపిండాలు మూడూ పుట్టుకతోనే దెబ్బతినడం వారిని ఆశ్చర్యపరచింది. పరస్పర సంబంధం లేనట్లు కనిపించే ఈ మూడు అవయవాలను కలిపే సూత్రమేది? 1973లో న్యూయార్క్‌లో గోల్డ్‌ఫిషర్ బృందం ఇటువంటి శిశువుల కణజాలాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించింది. కాలేయ, మూత్రపిండ కణాలలో తప్పక ఉండవలసిన పెరాక్సిసోమ్‌లు అక్కడ కనిపించలేదు.

పెరాక్సిసోమ్ అనేది కణంలోని ఒక చిన్న సంచి. 1954లో స్వీడన్‌కు చెందిన రోడిన్ అనే పరిశోధక విద్యార్థి ఎలుక మూత్రపిండంలో దానిని మొదట చూశాడు. అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుందనీ, అక్కడే విరిగిపోతుందనీ గ్రహించి, ఆ పేరు పెట్టినవాడు బెల్జియం శాస్త్రజ్ఞుడు డి దువ్. అతి దీర్ఘ శృంఖల కొవ్వు ఆమ్లాలను ముక్కలు చేసే పని కూడా ఈ సంచిదే. అది సాగకపోతే ఆ ఆమ్లాలు రక్తంలోను, మెదడులోను పేరుకుపోతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. మైటోకాండ్రియాకు ఉన్నట్లు పెరాక్సిసోమ్‌కు సొంత డీఎన్ఏ లేదు. దాని లోపలి ప్రోటీన్లన్నీ బయట, కణద్రవంలో తయారై, ఆ తరువాత లోనికి చేరవలసిందే. వేలాది ప్రోటీన్ల గుంపులో ఏది ఏ సంచికి పోవాలో ఎవరు చెబుతారు? సమాధానం మిణుగురు పురుగు నుంచి వచ్చింది! దాని వెలుగుకు మూలమైన లూసిఫరేజ్ అనే ఎంజైము పెరాక్సిసోమ్‌లోనే ఉంటుంది. అమెరికాలోని శాన్ డియాగోలో సురేశ్ సుబ్రమణి బృందం 1980ల చివరలో ఆ ఎంజైమును కత్తిరించి, అతికించి చూసింది. గొలుసు చివరనున్న మూడే మూడు అమైనో ఆమ్లాలు, సెరిన్, లైసిన్, లూసిన్, చిరునామాగా పనిచేస్తున్నాయని తేలింది. మిణుగురు ప్రోటీన్‌ను ఈస్ట్‌లో పెట్టినా, మొక్కలో పెట్టినా, క్షీరద కణంలో పెట్టినా అది పెరాక్సిసోమ్‌కే చేరింది.

చిరునామా తెలిసింది, దానిని చదివి సరుకును లోనికి చేర్చే యంత్రాంగం తెలియలేదు. జర్మనీలోని బోహుమ్‌లో కునావు, ఎర్డ్‌మన్ బృందం ఇందుకు ఈస్ట్‌ను ఎంచుకుంది. రొట్టెను పొంగించే ఈ ఏకకణ జీవికి చక్కెర దొరికినంతకాలం పెరాక్సిసోమ్‌తో పెద్దగా పనిలేదు. మన వేరుశనగ నూనెలో సమృద్ధిగా ఉండే ఒలీయిక్ ఆమ్లమే ఆహారమైతే మాత్రం, పెరాక్సిసోమ్ లేకుండా బతకలేదు. కనుక మామూలు ఆహారం మీద పెరిగి, ఒలీయిక్ ఆమ్లం మీద పెరగని ఉత్పరివర్తనాలను వారు ఏరారు. వాటిలో పెరాక్సిసోమ్‌లు కనిపించని వాటిని వేరుచేసి, 1989లో ప్రకటించారు. ఇంత చవకైన ఉపాయం ఇంత దూరం తీసుకుపోతుందని అప్పుడెవరు ఊహించి ఉంటారు?

దాదాపు అదే సమయంలో, 1988లో, జెల్వెగర్ రోగుల కణాలలో సంచులు బొత్తిగా లేకపోలేదని, పొర మాత్రమే మిగిలిన ఖాళీ సంచులున్నాయని మరొక బృందం చూపింది. అంటే ఇల్లు ఉంది, సరుకు లోనికి పోవడం లేదు. బయట మిగిలిన ఎంజైములలో చాలా భాగం నశిస్తాయి. లోపం రవాణాలో ఉందన్న అనుమానం బలపడింది.

ఈస్ట్‌లో బోహుమ్ బృందం 1991లో గుర్తించిన జన్యువుకు నేటి పేరు పెక్స్1. దాని పోలికతో వెదకగా 1997లో మానవ పెక్స్1 దొరికింది. ఈ తరహా వ్యాధులున్న శిశువులలో అత్యధికుల లోపం ఆ జన్యువులోనే ఉన్నది. చిరునామా చదివే పెక్స్5 సరుకును దింపిన తరువాత పొరలోనే చిక్కుకొని ఉంటుంది; పెక్స్1, పెక్స్6 కలసి ఏటీపీ శక్తితో దానిని వెనక్కి లాగుతాయి. ఖాళీ చేసిన బండి తిరిగి రాకపోతే తదుపరి సరుకు మోసేదెవరు?

ఈ వ్యాధి తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్టమైన జన్యువు సంక్రమిస్తేనే వస్తుంది. అటువంటి దంపతులకు ప్రతి గర్భంలోను నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మేనరికాలు సాగుతున్న మన కుటుంబాలలో ఇటువంటి జన్యులోపాలు రెండువైపులా కలిసే అవకాశం హెచ్చు. ఒక బిడ్డను ఈ విధంగా కోల్పోయినవారు తదుపరి గర్భానికి ముందే జన్యు సలహా తీసుకోవాలి. వ్యాధిని నయం చేసే మందు ఇంకా లేదు. కాలేయాన్ని కొంత ఆదుకునే కోలిక్ ఆమ్లానికి అమెరికాలో 2015లో అనుమతి లభించింది. నిర్ధారణ మాత్రం సులువైంది. కొద్దిపాటి రక్తంలో అతి దీర్ఘ శృంఖల కొవ్వు ఆమ్లాలను కొలుస్తారు. అవి హెచ్చుగా ఉంటే పెక్స్ జన్యువులను పరీక్షిస్తారు.