పెద్ద పండుగ పేర్లు: పొరుగు రాష్ట్రముల తెలుగువారి వ్యవహారము

ఒక జాతి తన కాలమును ఎట్లు విభజించుకొన్నదో తెలిసికొనుటకు దాని పండుగల పేర్లు మంచి ఆధారములు. శాసనములు రాజుల దానధర్మములను తెలుపును. పండుగ పేర్లు గృహస్థుల జీవనమును తెలుపును. ధనుర్మాసారంభము మొదలు ముక్కనుమ వరకు జరుగు శీతకాలపు పర్వమునకు సంబంధించిన పదములు, తెలుగుదేశపు ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన కుటుంబముల చుట్టును ఏయే పేర్లతో కలసి మెలగుచున్నవో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

సూర్యుడు మకరరాశిని ప్రవేశించు దినము మకర సంక్రాంతి. నేడిది జనవరి 14న గాని 15న గాని వచ్చుచున్నది. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21 లేక 22వ తేదీన. అయనచలనముచే ఈ రెంటి నడుమ ఎడము సుమారు 72 ఏండ్లకు ఒక దినము వంతున పెరుగుచున్నది. అయినను ఉత్తరాయణ పుణ్యకాలమను మాట సంక్రాంతినే అంటియున్నది. ఆకాశమున గతి మారినను జనుల నోట పేరు మారలేదు.

‘సంక్రాంతి’ సంస్కృత పదము. పల్లెప్రజలు దానిని ‘సంకురాతిరి’గా తమ నోటికి అనువు చేసికొనిరి. ‘పెద్ద పండుగ’ అచ్చమైన తెలుగు పేరు. ఆ దినమున పితృదేవతలను తలచి తర్పణములు విడుచుటచే ‘పెద్దల పండుగ’ అనుటయు గలదు. ధనుర్మాసము ప్రవేశించుటను ‘నెల పట్టుట’ అందురు. భోగినాడు పిల్లల తలపై పోయు రేగుపండ్లు ‘భోగిపండ్లు’ అగును. కనుమ పశువుల పండుగ, మరునాడు ముక్కనుమ. గొబ్బి పదములను అన్నమాచార్యులు (1408–1503) రచించియుండుటచే, ఈ పదజాలములో కొంత ఐదువందల యేండ్లకు పైబడినదని స్పష్టము.

విజయనగర, నాయకరాజుల కాలములందు మధుర, తంజావూరు ప్రాంతములకు తరలిన తెలుగువారి చుట్టును ‘పొంగల్’ అను పేరు వ్యాపించియున్నది. ఇది పరాయి మాట కాదు. పొంగు అను ధాతువు రెండు భాషలకు ఉమ్మడి సొత్తు. తెలుగున ‘పొంగలి’ వంటకమునకు పేరు. తమిళమున అదియే పండుగకును పేరైనది. మనము కనుమ అను దినమే తమిళులకు మాట్టుప్పొంగల్. ఆనాడే అక్కడి స్త్రీలు సోదరుల క్షేమము కోరి కాకులకు అన్నపు ముద్దలు పెట్టు ‘కను’ అను ఆచారము గలదు. కను, కనుమలు ఒకే దినమున పడుట భాషాశాస్త్రజ్ఞులు విచారింపదగిన విషయము.

కర్ణాటకమున సంక్రాంతినాడు నువ్వులు, బెల్లము కలిపి పంచుదురు. దీనిని ‘ఎళ్ళుబెల్ల’ అందురు. మైసూరు ప్రాంతమున పశువులను మంట దాటింతురు. మహారాష్ట్రమున ‘తిళగుళ్’ ఇచ్చి తీయగా మాటలాడుమని కోరుదురు. అక్కడ ముందునాటి భోగి పేరు మనదానివలెనే యున్నది. మరునాడు మాత్రము ‘కింక్రాంత్’. షోలాపురపు తెలుగు నేతగాండ్ర బిడ్డలు ఈ రెండు పరిభాషల నడుమ పెరుగుచున్నారు. ఒడిషాలో కొత్త బియ్యము, కొబ్బరి, బెల్లము, అరటిపండు కలిపిన ‘మకర చౌళ’ నైవేద్యము. బరంపురము, పర్లాకిమిడి తెలుగువారికిది ఇరుగింటి ప్రసాదము. యానాము గోదావరి మండలముల నడుమ నుండుటచే అచట పెద్ద పండుగ పెద్ద పండుగగనే నిలిచినది. 1954లో ఫ్రెంచి పాలన తొలగిన పిదప దాని పరిపాలనము పుదుచ్చేరితో ముడిపడినను, 1965 నాటి అధికార భాషా శాసనము యానాములో తెలుగునకు స్థానము కల్పించినది.

పేరు నిలుచుటకు ఇల్లొక్కటియే చాలదు, బడియు కావలెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. తమిళనాట 2006 నాటి శాసనముచే తమిళము తప్పనిసరి పాఠ్యభాగమైనది. నివసించు నేల భాషను నేర్చుట ధర్మమే. దానివలన తెలుగు నేర్చు గంట తరిగినచో ఆ నష్టమును ఇల్లు పూరింపవలెను. సెలవుల పట్టికలో ఒక్క పేరు మాత్రమే చూచిన బిడ్డకు నెల పట్టుటయు, ముక్కనుమయు తెలియవు. పదము పోయినపుడు దానిని ఆశ్రయించిన ఆచారము, పాట, వంటకము ఒకదాని వెంట నొకటి పోవును.

కావున పొంగల్, ఎళ్ళుబెల్ల, తిళగుళ్, మకర చౌళలను ఆదరముతో స్వీకరించుచునే, భోగి, పెద్ద పండుగ, కనుమ, ముక్కనుమలను వరుస తప్పక పిల్లలచే పలికించుట పెద్దల విధి. ఇరుగుపొరుగు పేర్లు నేర్చుట స్నేహము. తన పేర్లు మరవకుండుట వంశధర్మము. ఈ రెంటికిని విరోధము లేదు.